పేరు అడగని తీర్పు

లోకంలో తీర్పు చెప్పడమంత సులభమైన పని మరొకటి లేదు. అదే తీర్పును తన ఇంటి గడపలో నిలబడి మరల చెప్పడమంత కష్టమైన పని కూడా మరొకటి లేదు. ఈ సత్యాన్ని నేను ఏ గ్రంథంలోనూ చదివి నేర్చుకోలేదు. ఈ కళాశాల వేదికపైన ఒకనాడు అందుకొన్న బహుమతి వలన, మరికొన్ని ఏండ్లకు మా ఇంటి అరుగుమీద విప్పిన ఒక తొక్కు డబ్బా వలన నేర్చుకొన్నాను. ఆ రెండు సంగతులను పాఠకుల ముందుంచి, వాటి నడుమ నా మనసు నడిచిన దారిని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అది 2015వ సంవత్సరం. నేను ఇక్కడనే డిగ్రీ చదువుతున్న రోజులు. ఆ ఏడాది ఏప్రిల్ 29న ఇండోనేషియా ప్రభుత్వం నుసకంబంగన్ అనే దీవిలో మాదకద్రవ్యాల నేరం మోపబడిన 8 మందిని తుపాకులతో కాల్చి మరణశిక్ష అమలు జరిపినది. వారిలో ఒక్కరు తప్ప అందరును విదేశీయులే. ఆండ్రూ చాన్, మయూరన్ సుకుమారన్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు వారిలో ఉన్నందున ఆ వార్త ప్రపంచమంతటా మారుమోగినది. ఆ వేడి చల్లారకముందే మన కళాశాలలో వక్తృత్వ పోటీ జరిగినది. విదేశాలలో మాదకద్రవ్యాల రవాణాకు మరణశిక్ష విధించుట న్యాయమేనా అన్నది విషయం. నేను న్యాయమేనన్న పక్షాన మాట్లాడినాను.

ఆనాటి నా ఉపన్యాసాన్ని తలచుకొంటే నేడు సిగ్గు కలుగుతుంది, అయినా దాచను. విషం పంచేవానికి బ్రతికే హక్కు లేదన్నాను. వేయి ఇండ్లు కూల్చినవానికి ఒక్క ప్రాణం తీయుట శిక్షయే కాదు, అది లెక్క తేల్చుట మాత్రమే అన్నాను. చప్పట్లు మారుమోగినవి. ప్రథమ బహుమతిగా ఒక నిఘంటువు లభించినది. న్యాయనిర్ణేతలలో ఒకరైన ఉర్దూ శాఖ పెద్దలు, నేడు పదవీ విరమణ చేసి విశ్రాంతి తీసుకొంటున్నవారు, బహుమతి నా చేతికిస్తూ మెల్లగా ఒక్క ప్రశ్న వేసినారు: "బేటా, చాలా బాగా మాట్లాడినావు. ఆ ఎనిమిది మందిలో ఎందరి పేర్లు తెలుసు నీకు?"

నాకు ఒక్క పేరు కూడా తెలియదు. ఆస్ట్రేలియా వారని మాత్రం తెలుసు. నేను తలవంచుకొన్నాను. ఆయన మరేమీ అనలేదు. నా భుజం తట్టి పంపినారు. ఆ ప్రశ్నను నేను ఆ రోజే మరచిపోయినాను.

మరల అది గుర్తుకు వచ్చినది 2023 ఎండాకాలంలో. మా తమ్మునికి సౌదీ అరేబియాలో డ్రైవరు పనికి వీసా వచ్చినది. మా పల్లె వారికి గల్ఫు దేశం క్రొత్త కాదు. ఇంటికొకరు పోయివచ్చిన ఊరు మాది. మా నాన్నగారు కూడా 1990లలో దుబాయిలో మేస్త్రీ పని చేసి వచ్చినవారే. ప్రయాణానికి ముందు రాత్రి అట్టపెట్టెను తాడుతో కట్టుచుండగా, ప్రక్క ఊరినుండి తెలిసిన మనిషి ఒకడు ఒక మూట తీసుకొని వచ్చినాడు.

"ఇంత మామిడి తొక్కు, రెండు లుంగీలు, గోలీలు ఉన్నయన్నా. మా బామ్మర్ది రియాద్‌లనే ఉంటడు. ఎయిర్‌పోర్టుకు వచ్చి తీసుకుంటడు," అన్నాడు.

ఇటువంటి మూటలను కాదనుట మా ప్రాంతంలో మర్యాద కాదు. నేడు మనం ఒకరి మూట మోస్తే, రేపు మరొకరు మన మూట మోస్తారు. ఈ నమ్మకం మీదనే ఎడారిలో మనవారికి ఇంటి తొక్కు దొరుకుతున్నది. అయితే మా నాన్నగారు ఒక తాంబాళం తెప్పించి క్రింద పెట్టినారు.

"తమ్మీ, ఇప్పుత. ఏమనుకోకు," అన్నారు.

"మా మీద నమ్మకం లేదా అన్నా?"

"నీ మీద నమ్మకం ఉన్నది తమ్మీ. కాని అక్కడ దిగినంక నా నమ్మకం వాళ్లకు చెల్లదు."

తొక్కునంతా తాంబాళంలో గుమ్మరించినారు. గరిటెతో కలియబెట్టినారు. డబ్బా అడుగును గోటితో గీకినారు. లుంగీల అంచులు వేళ్లతో తడిమినారు. గోలీలకు డాక్టరు చీటీ లేదని వాటిని తిరిగి ఇచ్చివేసినారు. మన ఊరి మందుల దుకాణంలో దొరికే కొన్ని నొప్పి గోలీలే గల్ఫు దేశాలలో నిషేధపు జాబితాలో ఉంటాయని ఆయనకు అనుభవంమీద తెలుసు. ఆ మూటలో తప్పు వస్తువేదీ లేదు. అది మంచి తొక్కు, ఇంగువ వాసన ఇల్లంతా నిండినది. మా అమ్మ ఆ మనిషికి అన్నం పెట్టి, క్షమించమని కోరినది. అతడు రెండు ముద్దలు తిని లేచిపోయినాడు. తరువాత చాలకాలం మా ఇంటి ముందునుండి పోతూ కూడ పలుకరించలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బా అడుగున ఏదైనా ఉండి, నాన్నగారు ఆనాడు ఇంట లేకుంటే ఏమయ్యేది? ఊరగాయ డబ్బాలలో గంజాయి దాచి, ఏమీ ఎరుగని వారి చేత పంపిన ఉదంతాలు వలసల ఊళ్లలో అందరూ విన్నవే. సౌదీలో అప్పటికి కొంతకాలం నిలిచిపోయిన మాదకద్రవ్యాల మరణశిక్షలు 2022 నవంబరులోనే తిరిగి మొదలైనవి. మా తమ్ముడు పట్టుబడి ఉంటే పత్రికలలో వాని పేరు రాకపోవచ్చును. "స్మగ్లర్" అన్న మాట మాత్రం తప్పక వచ్చేది. ఏదో దేశంలో, ఏదో కళాశాల వేదికమీద, ఒక కుర్రవాడు వానికి బ్రతికే హక్కు లేదని గర్జించి, చప్పట్ల నడుమ నిఘంటువు గెలుచుకొనేవాడు. ఆ కుర్రవాడు నేనే.

మరునాటి నుండి ఆ ఉర్దూ పెద్దల ప్రశ్నకు జవాబు వెదకడం మొదలుపెట్టినాను.

తెలుసుకొన్న మొదటి పేరు వాన్ తువాంగ్ ఎంగుయెన్. వియత్నాం నుండి శరణార్థిగా పారిపోయి వచ్చిన తల్లికి, 1980లో థాయిలాండులోని శిబిరంలో పుట్టిన కవల పిల్లలలో ఒకడు. ఆస్ట్రేలియాలో పెరిగినాడు. తన కవల సోదరుని అప్పులు తీర్చడానికి హెరాయిన్ మోయుటకు ఒప్పుకొని, 2002 డిసెంబరులో సింగపూరు చాంగీ విమానాశ్రయంలో దాదాపు 396 గ్రాములతో దొరికినాడు. సింగపూరు చట్టం ప్రకారం 15 గ్రాముల హెరాయిన్ దాటితే మరణశిక్ష తప్పనిసరి. ఆనాడు న్యాయమూర్తికి విచక్షణ లేదు. త్రాసు చెప్పిన మాటనే న్యాయమూర్తి చెప్పవలసి ఉండినది. 2005 డిసెంబరు 2న అతనిని ఉరితీసినారు. అప్పటికి అతని వయస్సు 25. కడపటిసారి చూడవచ్చిన తల్లికి కొడుకును కౌగిలించుకొనే అనుమతి దొరకలేదు. చేతులు పట్టుకొనుటకు మాత్రం ఒప్పుకొన్నారు. అతడు నేరం చేయలేదని నేను అనను, చేసినాడు, ఒప్పుకొన్నాడు. అయితే ఆ సరుకుకు అసలు యజమానులెవరో వారు ఉరికంబం ఎక్కలేదు.

ఆస్ట్రేలియాలో చివరి ఉరి 1967లో జరిగినది. ఆ దేశం తన గడ్డమీద మరణశిక్షను పూర్తిగా తొలగించుకొన్నది. అయినా తన యువకుని సింగపూరు ఉరితీయబోతున్నప్పుడు అక్కడి ప్రజాభిప్రాయం ఇంచుమించు సగం సగంగా చీలిపోయినది. పదేండ్ల తరువాత 2015లో జరిగిన సంగతి ఇంకను ఆలోచింపదగినది. జనవరిలో ఒక సంస్థ, విదేశంలో మాదకద్రవ్యాల రవాణాకు మరణశిక్ష పడిన ఆస్ట్రేలియా పౌరునికి ఆ శిక్ష అమలు జరగవలెనా అని అడిగితే 52 శాతం మంది జరగవలెనన్నారు. ఫిబ్రవరిలో మరొక సంస్థ, చాన్, సుకుమారన్ అనే ఆ ఇద్దరి విషయమై అడిగితే 62 శాతం మంది జరగరాదన్నారు. దేశం అదే, జనం అదే, నడిచిన కాలం కొద్ది వారాలు మాత్రమే. మారినది ప్రశ్న. మొదటి ప్రశ్నలో ఒక నేరం ఉన్నది. రెండవదానిలో ఇద్దరు మనుషులున్నారు. చెరసాలలో ఒకడు మతబోధకుడైనాడనీ, మరొకడు చిత్రకారుడైనాడనీ అప్పటికి జనం విన్నారు.

ఇది ఆస్ట్రేలియాకే పరిమితం కాదు. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు రోజర్ హుడ్ మలేషియాలో 1,500 మందికి పైగా పౌరుల అభిప్రాయాలు సేకరించి 2013లో ప్రకటించిన అధ్యయనం కూడా ఈ మాటనే చెప్పుతున్నది. మరణశిక్ష ఉండవలెనా అని అడిగితే ఉండవలెనన్నవారు ఎందరో. ఒక్కొక్క నేరస్థుని వయస్సు, పరిస్థితి, అతడు చేసిన పని వివరించి తీర్పు చెప్పమంటే, ఉరి అన్నవారి సంఖ్య ఎంతో తగ్గిపోయినది. కాబట్టి ప్రజలు క్రూరులని అనుటకు వీలులేదు. ప్రజలను ఏమి అడిగినారో, ఎంత చెప్పి అడిగినారో చూడక, ప్రజాభిప్రాయం పేరిట ఉరిత్రాడు పేనుట మాత్రం తప్పు.

ఇంకొక విచిత్రం నన్ను ఎక్కువగా కలవరపరచినది. దయ దేశాల సరిహద్దుల దగ్గర ఆగిపోతుంది. 2015 ఏప్రిల్ నెలలోనే సౌదీ అరేబియా ఇద్దరు ఇండోనేషియా పనిమనుషులకు హత్యానేరం క్రింద శిరచ్ఛేదం అమలు జరిపితే, ఇండోనేషియా నిరసన తెలిపినది. అదే నెలాఖరున అదే ఇండోనేషియా, పరాయి తల్లుల మొర వినక, ఆ ఎనిమిది మందిని కాల్చినది. మలేషియా తన గడ్డపైన 1983 నుండి మాదకద్రవ్యాల రవాణాకు మరణశిక్షను తప్పనిసరి చేసిన దేశం. 1986లో బార్లో, చేంబర్స్ అనే ఆస్ట్రేలియా వారిని ఉరితీసినప్పుడు ఆస్ట్రేలియా ప్రధాని అది అనాగరికమన్నందుకు ఆగ్రహించిన దేశం. ఆ మలేషియా ప్రధానియే 2021లో నాగేంద్రన్ ధర్మలింగం అనే తమ తమిళ యువకుని ప్రాణభిక్ష కోరుతూ సింగపూరు ప్రధానికి లేఖ వ్రాసినాడు. నాగేంద్రన్ వద్ద దొరికినది 43 గ్రాములకు కొంచెం తక్కువ హెరాయిన్. బుద్ధిశక్తి పరీక్షలో అతనికి వచ్చినది 69. అతని కొరకు ఎందరు మొరపెట్టినా, 2022 ఏప్రిల్ 27న ఉరి జరిగినది. ఆ మరుసటి ఏడాది, 2023లో, మలేషియా తన చట్టంలోని తప్పనిసరి మరణశిక్షను తొలగించినది. న్యాయమూర్తికి విచక్షణ తిరిగి లభించినది.

ఇతర దేశాలను వేలెత్తి చూపి మన దేశాన్ని మరచిపోరాదు. మన మాదకద్రవ్యాల చట్టం 1985లో వచ్చినది. కొంతకాలానికే, పెద్ద పరిమాణాలతో రెండవసారి నేరం చేసినవారికి మరణశిక్ష తప్పనిసరి అని అందులో చేర్చినారు. 2011లో బొంబాయి హైకోర్టు ఆ "తప్పనిసరి" రాజ్యాంగ విరుద్ధమన్నది. 2014లో పార్లమెంటు దానిని న్యాయమూర్తి విచక్షణకు వదలినది. ఆ నేరానికి మన దేశం నేటివరకు ఎవరినీ ఉరితీయలేదు. ఈ ఆలోచనకు మూలం 1983 నాటి మిఠూ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు. జీవితఖైదులో ఉండి హత్య చేసినవానికి ఉరి తప్పనిసరి అన్న సెక్షనును ఆ ధర్మాసనం కొట్టివేసినది. మన తెలుగు గడ్డలో పుట్టిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఆ ధర్మాసనంలో ఒకరని తెలిసినప్పుడు నాకు గర్వం కలిగినది. మనిషిని, అతని పరిస్థితిని చూడవద్దని న్యాయమూర్తి కండ్లకు గంతలు కట్టే చట్టం న్యాయమైనది కాదన్నదే ఆ తీర్పు సారాంశంగా నేను గ్రహించినాను.

ఈ విషయాలన్నీ ఈ ఏడాది మా తరగతిలో విద్యార్థులకు చెప్పినాను. మా తమ్ముని తొక్కు డబ్బా కథ కూడ చెప్పినాను. తరగతి నిశ్శబ్దమైనది. నా మాట నెగ్గినదనుకొన్నాను. అప్పుడు వెనుక బెంచీనుండి ఒక విద్యార్థిని లేచినది.

"సార్, మీ తమ్ముని సంగతి చెప్పిండ్రు. మా మామ కొడుకు గంజాయికి అలవాటుపడి చదువు పోగొట్టుకున్నడు. పైసలకోసం అత్తమ్మను కొట్టిండు. ఆమె చేయి విరిగింది. ఆ సరుకు తెచ్చినోని పేరు నేనెందుకు అడగాలె?"

ఆమె కండ్లలో నీరు లేదు, కోపమున్నది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయినాను, చెప్పకపోవడమే మంచిదనిపించినది. మరణశిక్షను వ్యతిరేకించే మావంటి వారు ఉరికంబం దగ్గరి తల్లిని గురించి చక్కగా వ్రాస్తాము. చేయి విరిగిన తల్లిని మాత్రం మరచిపోతాము. సింగపూరులో ప్రభుత్వం 2023లో జరిపిన సర్వేలో మూడింట రెండు వంతుల మందికి పైగా, పెద్ద పరిమాణంలో మాదకద్రవ్యాలు రవాణా చేసినవానికి తప్పనిసరి మరణశిక్షను సమర్థించినారు. వారంతా రక్తపిపాసులు కారు. తమ పిల్లలు వీధిలో నిర్భయంగా తిరుగవలెనని కోరుకొనే తల్లిదండ్రులే. ఆ భయాన్ని గౌరవించనివాడు ప్రజలతో వాదించుటకు అర్హుడు కాడు.

మరునాడు ఆమెకు ఇట్లు చెప్పినాను. నీ కోపం న్యాయమైనది. సరుకు తెచ్చినవానిని పట్టుకొనవలె, శిక్షించవలె. కాని అమ్మా, ఉరిత్రాడు సాధారణంగా ఎవరి మెడకు అందుతుందో చూడు. సరుకు పండించినవాడు, పెట్టుబడి పెట్టినవాడు విమానం ఎక్కడు. సూట్‌కేసు మోసేవాడే ఎక్కుతాడు. మేరీ జేన్ వెలోసో అనే ఫిలిప్పైన్ స్త్రీ ఇంటిపని దొరుకుతుందన్న ఆశతో బయలుదేరి, 2010లో ఇండోనేషియాలోని యోగ్యకర్త విమానాశ్రయంలో 2.6 కిలోల హెరాయిన్‌తో దొరికినది. అది తనకు తెలియకుండా సూట్‌కేసు లోపొరలో కుట్టిపెట్టినారని ఆమె మొదటినుండి చెప్పినది. 2015 ఏప్రిల్‌లో చనిపోయిన ఆ ఎనిమిది మందితోపాటు ఆమె కూడ అదే రాత్రి చనిపోవలసినది. ఆమెను పంపిన మనిషి స్వదేశంలో పోలీసులకు లొంగిపోయినందున కడపటి గడియలో శిక్ష ఆగినది. 2024 డిసెంబరులో ఆమె తన దేశానికి తిరిగివచ్చినది. మన దేశం నుండి విహారానికి కతార్ వెళ్లిన ముంబయి దంపతులు 2019లో దోహా విమానాశ్రయంలో 4 కిలోల చరస్‌తో పట్టుబడినారు. అది దగ్గరి బంధువు ఇచ్చిన పార్సిల్. పదేండ్ల శిక్ష పడినది. వారు మోసపోయినారని తేలి 2021లో విడుదలైనారు. బ్రతికి ఉన్నందువలననే వీరికి తలుపులు తెరచుకొన్నవి. తప్పు తెలిసిన తరువాత దిద్దుకొనుటకు వీలు మిగిల్చే శిక్ష కావాలన్నదే నా మనవి. శిక్షే వద్దని కాదు.

ఆమె విన్నది, పూర్తిగా ఒప్పుకోలేదు. "మోసేటోనికి ఉరి వద్దు సరే, ముఠా నాయకుడు దొరికితే?" అన్నది. ఆ ప్రశ్నతోనే నాకు వ్యతిరేకంగా ఒక వ్యాసం వ్రాసి ఇచ్చినది. అది బాగున్నది. దానిని కూడ ప్రచురించమని సంపాదకులను కోరినాను.

ఇక కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన విద్యార్థులలో అనేకులు రేపు గల్ఫు దేశాలకు పోయేవారు. ఇప్పటికే అన్ననో, తండ్రినో అక్కడికి పంపినవారు. సౌదీ అరేబియాలో 2024లో 300 మందికి పైగా మరణశిక్ష అమలు జరిగినది. వారిలో సుమారు మూడవ వంతు మందిపైన మోపబడినవి మాదకద్రవ్య నేరాలే. వారిలో పొట్టచేత పట్టుకొని పోయిన పరదేశీయులు ఎందరో. కావున ప్రతి ఏడాది ఒక్క దినమైనా ఈ విషయమై శిక్షణ జరిపించవలసినదిగా ప్రార్థిస్తున్నాను. ఇతరుల మూటను విప్పి చూడకుండా పెట్టెలో పెట్టరాదు. మందులకు డాక్టరు చీటీ వెంట ఉండవలె. అర్థంకాని భాషలోని కాగితంపైన సంతకం చేయరాదు. పట్టుబడిన వెంటనే భారత రాయబార కార్యాలయానికి కబురు పంపమని కోరవలె. ఇవి తెలియచెప్పుటకు పెద్ద ఖర్చు కాదు.

విద్యార్థి మిత్రులారా, మీరు రేపటి ప్రజాభిప్రాయం. ఎక్కడో ఎవరికో మరణశిక్ష పడినదని చదివినప్పుడు చప్పట్లకు గాని, కన్నీటికి గాని తొందరపడకండి. వాని పేరేమిటి, వాని చేతికి ఆ పెట్టె ఎవరిచ్చినారు, వానివలన ఎవరి ఇల్లు కూలినది అని ముందు అడగండి. అటు పిమ్మట మీరు ఏ తీర్పు చెప్పినా, అది మీ తమ్మునికి కూడ చెప్పగలిగిన తీర్పై ఉండవలె.

మా తమ్ముడు రియాద్‌లో క్షేమంగా ఉన్నాడు. ఆ తొక్కు చేరవలసిన వానికి చేరినది. ప్రక్క ఊరి ఆ మనిషి మొన్న పండుగనాడు మా ఇంటికి వచ్చి, నాన్నగారితో కూర్చొని టీ త్రాగినాడు. తన కొడుకు కూడ దుబాయి పోతున్నాడట. "అన్నా, వానికి ఎవడో మూట ఇచ్చిండు. నువ్వే వచ్చి ఇప్పి చూడాలె," అన్నాడు. నాన్నగారు చెప్పులు తొడుక్కొని అతని వెంట నడిచినారు.